నాగావళి మడుగులో మనిషి బరువెంత?

మే నెల ఆదివారాల్లో ఒడిశాలోని రాయగడ మజ్జిగౌరి అమ్మవారి దర్శనానికి వచ్చే తెలుగువాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణానికి ముందు హాతీపథర్ జలపాతం దగ్గర ఆగుతారు. పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి వచ్చినవాళ్లు, గుణుపురం నుంచి వచ్చినవాళ్లు, రాయగడలోనే తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు, అందరూ నాగావళి బండల మీద కలుస్తారు. పులిహోర డబ్బాలు, పుచ్చకాయలు, ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు ఒడ్డున దిగుతాయి. ఏనుగుల్లా కనిపించే పెద్ద బండల మధ్య నుంచి నది కిందికి దూకుతుంటే, ఆ దిగువన మడుగుల్లో పిల్లలు కేరింతలు కొడుతుంటారు. ఒడ్డున కూర్చున్న పెద్దవాళ్లు "ఇంతమంది ఉన్నారు కదా, ఏం కాదులే" అనుకుంటారు.

ఆ ధైర్యానికి ఆధారం లేదు. జనం ఉన్నంత మాత్రాన మడుగు లోతు తగ్గదు, మునిగిపోతున్న మనిషి ఎవరి కంటా పడతాడన్న నమ్మకమూ లేదు. మన దేశంలో ఏటా 30 వేల మందికి పైగా నీట మునిగి చనిపోతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా దాదాపు 3 లక్షల మంది అలా పోయారు. ఇందులో చాలా చావులు ఆపదగినవి. నీళ్లు ఎలా ప్రవర్తిస్తాయో, నీళ్లలో మన ఒళ్లు ఎలా ప్రవర్తిస్తుందో కొంచెం తెలిసినా చాలు.

ముందు నీళ్లలో దిగితే కలిగే హాయి సంగతి. నలభై డిగ్రీల ఎండలో ఒంటిని చల్లబరిచేది చెమట ఒక్కటే. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు జిడ్డుగా మారి ఉక్కపోస్తుంది. నీళ్లలో దిగితే చెమటతో పని ఉండదు. గాలి కంటే నీరు వేడిని ఇరవై రెట్లకు పైగా సులువుగా లాగేసుకుంటుంది. చర్మం ఉష్ణోగ్రత 33, 34 డిగ్రీలు ఉంటుంది కాబట్టి ముప్పై డిగ్రీల నీళ్లు కూడా చల్లగానే తగులుతాయి. అందుకే పిల్లలు ఎంత పిలిచినా బయటికి రారు. చిన్నపిల్లల్లో బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, వేడి పెద్దవాళ్లకన్నా తొందరగా పోతుంది. పెదాలు నీలంగా మారి పళ్లు టకటకలాడుతుంటే ఎండ ఎంత ఉన్నా సరే, బయటికి తీసి తుడవాల్సిందే. చలికి కండరాలు బిగుసుకుంటే బాగా ఈతొచ్చిన పిల్లాడి చేతులు కూడా సరిగా ఆడవు.

ఇక మడుగు. తూర్పు కనుమల్లో ఈ ప్రాంతమంతా సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రూపం మారిన రాళ్లే. ఇక్కడి ఖోండు ఆదివాసుల పేరు మీదనే ఇందులో ఒక రకానికి ఖోండలైట్ అని భూగర్భ శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. గట్టి రాతి మీద ప్రవహించే నది ఇసుక మీద నదిలా ఉండదు. ఇసుక నదిలో అడుగు చాలాచోట్ల మెల్లగా దిగుతుంది. రాతి నదిలో మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతుకు దిగిపోవచ్చు. దీనికి కారణం వరదలే. వానాకాలంలో సుళ్లు తిరిగే నీళ్లు గులకరాళ్లను ఒకేచోట గిరగిరా తిప్పుతాయి. ఆ రాళ్లు బండను అరగదీస్తూ పోతే, వేల ఏళ్లకు బండలో బావిలాంటి గుండ్రటి గుంతలు పడతాయి. జలపాతం కింద నేరుగా నీళ్లు పడే చోట గుంత ఇంకా పెద్దది. వేసవిలో ప్రవాహం తగ్గాక ఈ గుంతలన్నీ పైకి ఒకే మట్టంగా, ఒకే రంగులో, చాలా ప్రశాంతంగా కనిపిస్తాయి. గలగలా పారే చోట సాధారణంగా లోతు తక్కువ. నీళ్లు చప్పుడు చేయకుండా నిండుగా ఉన్నచోటే లోతు ఎక్కువ. పిల్లలకు నిశ్చలమైన నీళ్లే భద్రమనిపిస్తాయి కాబట్టి ఈ ఒక్క సంగతి వాళ్లకు ముందే చెప్పి తీరాలి.

లోతు విషయంలో కన్ను కూడా మోసపోతుంది. నీటిలోంచి గాలిలోకి వచ్చే కాంతి వంగుతుంది కదా. పైనుంచి నిటారుగా చూస్తే నాలుగడుగుల లోతు మూడడుగుల్లా కనిపిస్తుంది. ఒడ్డున నిలబడి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువగా కనిపిస్తుంది. అంటే నీళ్లు ఎంత తేటగా ఉన్నా ఒడ్డు నుంచి వేసే అంచనా ఎప్పుడూ తక్కువ వైపే తప్పుతుంది. మరోవైపు, నీళ్లు కొద్దిగా మసకగా ఉంటే కింద ఉన్న బండ అసలు కనిపించదు. పైనుంచి తలకిందులుగా దూకే కుర్రాళ్లకు రెండు వైపులా ప్రమాదమే. మెడ ఎముక విరిగితే వెన్నుపాము దెబ్బతిని, జీవితాంతం కాళ్లూ చేతులూ కదలని పరిస్థితి రావచ్చు. తెలియని నీళ్లలోకి తల ముందు పెట్టి దూకకూడదన్న నియమానికి నా దృష్టిలో మినహాయింపు లేదు.

ప్రవాహం బలాన్ని కూడా మనం సరిగా ఊహించలేం. మోకాలి లోతు నీళ్లు సెకనుకు ఒక మీటరు వేగంతో వస్తుంటే కాళ్ల మీద పడే ఒత్తిడి ఏడెనిమిది కిలోల బలంతో సమానం. అదే వేగం రెండు మీటర్లకు పెరిగితే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది, అంటే ముప్పై కిలోలు. నడుం లోతుకు పోతే నీరు తగిలే ఒళ్లు పెరుగుతుంది, పైగా నీళ్లు మనల్ని పైకి ఎత్తుతుంటాయి కాబట్టి పాదానికి పట్టు తగ్గుతుంది. ఆ పాదం కింద పాకుడు పట్టిన బండ ఉంటుంది. పాకుడు అంటే నాచు, బ్యాక్టీరియా కలిసి రాతి మీద కట్టిన జిగురు పొర. చెప్పులున్నా జారుతుంది.

జలపాతం కింద తల పెట్టి ఫొటో తీయించుకోవాలని అందరికీ ఉంటుంది. సన్నటి ధార కింద ఫరవాలేదు. నీళ్లు లావుగా పడి తెల్లగా నురగలు కక్కే చోట మాత్రం రెండు చిక్కులున్నాయి. పడిన నీరు అడుగుకు వెళ్లి కొంచెం దూరంలో పైకి లేస్తుంది, అందులో కొంత మళ్లీ జలపాతం వైపే వెనక్కి వస్తుంది. పైన తేలే మనిషిని ఆ నీరు ధార కిందికే లాక్కుపోతుంది. రెండోది, ఆ తెలుపంతా గాలి బుడగలే. నీళ్లలో పదోవంతు గాలి కలిస్తే దాని సాంద్రత కూడా పదోవంతు తగ్గుతుంది. మామూలు నీళ్లలో అతి కష్టం మీద తేలే మనిషి అందులో తేలలేడు. ఎంత ఈతొచ్చినా చేతులు నీటిని కాక బుడగల్ని తోస్తుంటాయి.

అతి కష్టం మీద అని ఊరికే అనలేదు. 60 కిలోల మనిషి గుండెల నిండా ఊపిరి పీల్చుకుని నీళ్లలో ఉంటే అతన్ని పైకి లేపే బలం ఒకటి రెండు కిలోలకు మించి మిగలదు. ఊపిరంతా వదిలేస్తే అదే మనిషి రెండు కిలోల రాయిలా కిందికి దిగుతాడు. ఒంట్లో కొవ్వు ఎంత, కండ ఎంత అన్నదాన్ని బట్టి ఈ అంకె మనిషికీ మనిషికీ మారుతుంది కానీ, తేలడానికీ మునగడానికీ మధ్య తేడా ఊపిరితిత్తుల్లో ఉన్న మూడు నాలుగు లీటర్ల గాలే. భయంతో గట్టిగా కేకేస్తే ఆ గాలే బయటికి పోతుంది.

ఇప్పుడు చేతుల సంగతి చూద్దాం. ఒక్కో చెయ్యి ఒంటి బరువులో సుమారు 5 శాతం. రెండూ కలిపి ఆరు కిలోలు. చేతులు నీళ్లలో ఉన్నంతసేపు ఆ బరువును నీరే మోస్తుంది. రెండు చేతులూ పైకెత్తితే ఆ ఆరు కిలోలూ ఒంటి మీద పడతాయి. మిగిలున్న బలం రెండు కిలోలు, మీద పడ్డది ఆరు కిలోలు. ముఖం నీళ్లలోకి వెళ్లడం తప్పదు. అందుకే పట్టు తప్పినప్పుడు చేసే మొదటి పని చేతులు నీళ్లలోనే ఉంచి, తల వెనక్కి వాల్చి, చెవులు మునిగేలా వెల్లకిలా పడుకోవడం. అప్పుడు నీటిపైన ఉండేది ముక్కు, నోరు మాత్రమే. అంత మాత్రం ఎత్తడానికి ఊపిరితిత్తుల నిండా ఉన్న గాలి సరిపోతుంది. ఈత నేర్పే ముందు పిల్లలకు ఇది నేర్పాలి, లోతు లేని చోట పెద్దల చేతుల మీద పడుకోబెట్టి.

సినిమాల్లో మునిగే మనిషి చేతులూపుతూ "కాపాడండి" అని అరుస్తాడు. నిజంగా మునిగేవాళ్లు అరవలేరు. అమెరికాలో ఫ్రాంక్ పియా అనే లైఫ్‌గార్డ్ మునుగుతున్నవాళ్లను గమనించి ఈ తేడాను వివరంగా చెప్పాడు. నోరు నీటిపైకి వచ్చే క్షణంలో ఊపిరి పీల్చుకోవడానికే సమయం చాలదు, ఇక అరిచేదెప్పుడు? చేతులు తమంతట తామే పక్కలకు చాచుకుని నీటిని కిందికి నొక్కుతుంటాయి. వాటిని ఊపుదామన్నా అతని మాట వినవు. ఒళ్లు నిటారుగా ఉంటుంది, కాళ్లు పెద్దగా ఆడవు. ఇది 20 నుంచి 60 సెకన్లు మాత్రమే సాగుతుంది. వందమంది కేరింతలు కొడుతున్న మడుగులో ఇలాంటి మనిషి నిలబడి ఆడుకుంటున్నట్టే కనిపిస్తాడు. పైగా అందరూ ఉన్నారన్న ధైర్యంతో ఎవరూ ప్రత్యేకంగా చూడరు. గోల చేస్తున్న పిల్లాడికి ఊపిరి ఆడుతున్నట్టే. ఉన్నట్టుండి సద్దు లేకుండా పోయిన పిల్లాడి వైపు వెంటనే చూడాలి. కుటుంబంతో వెళితే ఒక పెద్దమనిషి ఫోన్ పక్కన పెట్టి, వంట కబుర్లకు దూరంగా, పిల్లల్ని చూడటమే పనిగా కూర్చోవాలి. అరగంటకొకరు మారితే ఎవరికీ భారం ఉండదు.

ఎవరైనా మునుగుతుంటే ఈతొచ్చినవాళ్లు వెంటనే దూకడం మనకు సహజంగా తోచే పని. కానీ మునిగే మనిషి దొరికినదాన్ని పట్టుకుని పైకి ఎక్కాలని చూస్తాడు, కాపాడబోయినవాడు అడుగున పడతాడు. ఒకరిని తీయబోయి ఇద్దరు ముగ్గురు పోయారన్న వార్తలు ప్రతి వేసవిలో చదువుతూనే ఉన్నాం. మనిషి తల బరువు నాలుగైదు కిలోలు. అతన్ని నిలబెట్టడానికి అంతకు కాస్త మించిన ఆసరా చాలు. ఒడ్డున ఉన్న ఇరవై లీటర్ల క్యాన్‌ను ఖాళీ చేసి మూత గట్టిగా బిగిస్తే దానికి దాదాపు ఇరవై కిలోలను తేల్చే శక్తి ఉంటుంది. పెద్ద కూల్‌డ్రింక్ సీసాలు మూడు నాలుగు మూతలు బిగించి సంచిలో కట్టినా పనికొస్తాయి. దానికి తాడో చీరో ముడివేసి విసిరి, మనం ఒడ్డున పడుకుని లాగాలి. నిలబడి లాగితే మనమే జారిపోతాం. పిక్నిక్‌కు వెళ్లే ప్రతి బండిలో ఇరవై మీటర్ల తాడు ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. అలాంటి చోట్ల హెచ్చరికలు ఒడియాతో పాటు తెలుగులో, ఇక్కడి ఆదివాసుల కువి భాషలో కూడా ఉండాలి, లోతు ఎక్కడుందో రాతి మీద రంగుతో గీసి చూపాలి.

ఎగువ వాన గురించి కూడా చెప్పాలి. నాగావళి కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా వచ్చి, శ్రీకాకుళం దాటాక సముద్రంలో కలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు కొండల మీద ఉరుములతో వాన పడుతుంది, మన నెత్తిన మాత్రం ఎండ కాస్తూనే ఉంటుంది. రాతి కొండలు నీటిని పెద్దగా ఇంకించుకోవు, ఆ నీరంతా గెడ్డల్లోంచి ఒక్కసారిగా నదిలో పడుతుంది. 2017 జూలైలో నాగావళి, కల్యాణి నదులు ఇలాగే హఠాత్తుగా పొంగి తేరుబలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెన కొట్టుకుపోయింది. తేట నీరు ఉన్నట్టుండి ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, జలపాతం హోరు పెరిగినా సామాను వదిలేసి పైకి ఎక్కేయాలి. మధ్యలో ఉన్న బండ మీదికి ఎక్కడం పైకి ఎక్కడం కాదు. నీరు పెరిగితే అది ద్వీపమవుతుంది.

వేసవిలో నదిలో నీళ్లు తక్కువ, జనం ఎక్కువ. కలిసిన మురికిని పలచబరిచే ప్రవాహం ఉండదు. ఈత కొలనులో 45 నిమిషాలు ఈదినవాళ్ల మీద అమెరికాలో జరిపిన పరిశోధనలో పిల్లలు సగటున 37 మిల్లీలీటర్ల నీళ్లు మింగారని తేలింది, పెద్దలు 16. విరేచనాలు పట్టుకున్న పిల్లల్ని దించకపోవడం, ఒంటి మీద గాయాలుంటే దిగకపోవడం, నిలవ నీటి గుంతల్ని వదిలి పారే నీటిలోనే ఉండటం చాలావరకు కాపాడతాయి. ఇంటికొచ్చిన వారం, రెండు వారాల్లో జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే నదిలో దిగిన సంగతి డాక్టరుకు చెప్పాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటితో సోకే ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) గాయాల్లోంచి కూడా వస్తుంది.

నీళ్లలోంచి తీసిన మనిషిని మనవాళ్లు బోర్లా వేసి కడుపు నొక్కుతారు, భుజాన వేసుకుని తిప్పుతారు. దయచేసి ఆ పని చేయకండి. అలా చేస్తే కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలు వృథా అవుతాయి. మునిగినవాళ్లలో గుండె ఆగేది ఆక్సిజన్ అందక. కాబట్టి ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు ఊపిరి ఊదాలి. తరువాత ఛాతీ నడుమ 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి, మళ్లీ రెండుసార్లు ఊదుతూ, 108 వచ్చేదాకా ఆపకూడదు. మనిషి లేచి కూర్చుని మాట్లాడినా సరే, దగ్గు, ఆయాసం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నీటి వల్ల కొన్ని గంటల తరువాత కూడా శ్వాస కష్టం కావచ్చు.