కుక్క గోక్కుంటోందా? ఇంజెక్షన్ కంటే ముందు కారణం వెతకాలి

"డాక్టర్ గారూ, నెల రోజులుగా రాత్రంతా గోక్కుంటూనే ఉంది, ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఏదైనా గట్టి ఇంజెక్షన్ వేసేయండి." కుక్కల చర్మ సమస్యలు చూసే మాకు ఇది రోజూ వినిపించే మాట. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ జ్వరం లాగే దురద కూడా ఒక లక్షణమే. దాని వెనక పురుగులు ఉండొచ్చు, ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, తిండి ఉండొచ్చు, ఇంట్లో దుమ్ము ఉండొచ్చు. చాలాసార్లు రెండు మూడు కలిసే ఉంటాయి. అందుకే ఒక వరుసలో వెతుకుతాం. ముందు పురుగులు, తర్వాత ఇన్ఫెక్షన్, ఆ తర్వాత తిండి. ఇవేవీ కాదని తేలాకే అటోపీ, అంటే దుమ్ము, పుప్పొడి లాంటి వాటికి వంశపారంపర్యంగా వచ్చే అలర్జీ. ఈ వరుస తప్పితే నెలల తరబడి మందులు మారుతూనే ఉంటాయి, కుక్క గోక్కుంటూనే ఉంటుంది. ఆ వరుసను తప్పించే అపోహల గురించే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "మా కుక్క ఒంటి మీద ఒక్క పురుగు కూడా లేదు"

పిడుదులు కంటికి కనిపిస్తాయి కాబట్టి అందరూ వాటినే వెతుకుతారు. దురద విషయంలో అంతకంటే ముఖ్యమైనవి ఫ్లీస్, అంటే బొచ్చులో గెంతుతూ తిరిగే చిన్న పేల లాంటివి. వాటి లాలాజలం పడని కుక్కకి రెండు మూడు కాట్లు చాలు, వారం పైనే దురద. పైగా దురద పుట్టిన చోట కుక్క కొరికి కొరికి వాటిని మింగేస్తుంది. ఇక మనకేం కనిపిస్తుంది?

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. నడుం మీద, తోక మొదట్లో సన్న పళ్ల దువ్వెనతో గట్టిగా దువ్వండి. రాలిన నల్లటి నలుసుల్ని తడి దూది మీద వేసి ఒక నిమిషం ఆగండి. మట్టి అయితే అలాగే ఉంటుంది. చుట్టూ ఎర్రటి, ఇటుక రంగు చెమ్మ పాకితే అది ఫ్లీస్ విసర్జించిన రక్తం. తోక మొదట్లో, తొడల వెనక బొచ్చు పోయి గోకుతున్న కుక్కలో నా అనుమానం మొదట అటే పోతుంది.

ఇంకో సంగతి. కుక్క మీద కనిపించే పెద్ద ఫ్లీస్ మొత్తంలో 5 శాతం మాత్రమే. మిగతా 95 శాతం గుడ్లు, లార్వాలు, గూళ్ల రూపంలో దాని పరుపులో, సోఫా సందుల్లో, కారు సీట్లలో ఉంటాయి. మన వాతావరణంలో వాటికి ఏడాదంతా సీజనే. అందుకే ఒక్కసారి మందేసి "పని చేయలేదు" అనకూడదు. ఇంట్లో ఉన్న కుక్కలు, పిల్లులు అన్నిటికీ కనీసం మూడు నెలలు వరసగా మందు పడాలి. కుక్కలకి వేసే పర్మెత్రిన్ మందు మాత్రం పిల్లికి ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు, ప్రాణం పోతుంది.

అపోహ: "గజ్జి అయితే స్క్రేపింగ్‌లో కనిపించేది కదా"

చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు సార్కాప్టిస్ మైట్, అంటే మామూలుగా కంటికి ఆనని చిన్న పురుగు, కనిపిస్తే అది గజ్జే. కనిపించకపోతే గజ్జి కాదని చెప్పడానికి లేదు. కుక్క ఒంటి మీద అవి చాలా కొద్ది సంఖ్యలోనే ఉన్నా దురద భరించలేనంతగా ఉంటుంది. చాలా కేసుల్లో స్క్రేపింగ్‌కి దొరకవు. అందుకే మేం వేరే గుర్తులు చూస్తాం. చెవి అంచుని బొటనవేలితో రుద్దితే వెనక కాలు దానంతటదే గోకుతున్నట్టు ఆడుతుంది. చెవి అంచులు, మోచేతులు, మడమల దగ్గర పొట్టు కడుతుంది. ఇంట్లో వాళ్ల చేతుల మీద, పొట్ట మీద కూడా ఎర్రటి దురద పొక్కులు వస్తాయి. కాబట్టి "మీకెవరికైనా దురద ఉందా?" అని అడిగితే మొహమాటపడకుండా చెప్పండి. ఈ మైట్ మనిషి మీద సంతతి పెంచుకోలేదు, కుక్కకి నయమైతే మీకూ తగ్గిపోతుంది. అనుమానం బలంగా ఉంటే స్క్రేపింగ్ నెగెటివ్ అయినా మందు వేసి చూడటమే సరైన పద్ధతి.

డెమోడెక్స్ అనే ఇంకో మైట్ వేరు. అది పుట్టిన మొదటి రోజుల్లో తల్లి నుంచి పిల్లకి వస్తుంది, మనుషులకి అంటదు. దానికదే పెద్దగా దురద పెట్టదు, చీము చేరితేనే గోకుడు మొదలవుతుంది. రెండింటినీ "గజ్జి" అనేసి ఒకే గాటన కట్టడం వల్ల చాలా గందరగోళం జరుగుతోంది.

అపోహ: "గుండ్రంగా బొచ్చు ఊడితే ఫంగస్సే"

పెట్ షాపులో ఎక్కువగా వినిపించే రోగ నిర్ధారణ ఇదే. నిజానికి కుక్కల్లో గుండ్రటి మచ్చలు, అంచుల్లో పొట్టు అంటే చాలావరకు బ్యాక్టీరియా వల్ల వచ్చే పయోడెర్మా. తామర ఉండదని కాదు, కానీ దానికి దురద తక్కువ. టేపు ముక్క చర్మం మీద అద్ది, రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే బ్యాక్టీరియానా, మలసీజియా అనే ఈస్టా అన్నది అక్కడికక్కడే తెలుస్తుంది. పెద్ద ఖర్చు లేదు. చెవుల్లో, వేళ్ల సందుల్లో జిడ్డు, పులిసిన వాసన ఉంటే ఈస్ట్ ఉండే అవకాశం ఎక్కువ.

ఇన్ఫెక్షన్ తగ్గించాక దురద ఎంత మిగిలిందన్నది అసలు ప్రశ్న. పూర్తిగా పోతే ఒక దారి, సగం మిగిలితే ఇంకో దారి. ఇన్ఫెక్షన్ పదే పదే తిరిగొస్తోందంటే దాని కింద అలర్జీ దాగి ఉందని నేను అనుమానిస్తాను.

అపోహ: "వేపనూనె, డెట్టాల్, కిరోసిన్ రాస్తే పోతుంది"

కిరోసిన్, వాడిన ఇంజన్ ఆయిల్ చర్మాన్ని కాల్చేస్తాయి. కుక్క నాకితే కడుపులోకి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. డెట్టాల్ చర్మానికి మంట, నాకితే విషం. మనుషుల షాంపూ కుక్క చర్మానికి సరిపడదు, పొడిబారి దురద పెరుగుతుంది. స్నానమే మందుగా పనిచేయాలంటే డాక్టర్ రాసిన క్లోర్‌హెక్సిడిన్ షాంపూ పట్టించి, కడిగే ముందు పది నిమిషాలు ఆగాలి. ఆ పది నిమిషాలు ఆగే వాళ్లు తక్కువ. ఫలితం రాకపోవడానికి సగం కారణం అదే.

అపోహ: "స్టెరాయిడ్‌తో తగ్గింది కదా, అదే వేయిస్తూ ఉందాం"

స్టెరాయిడ్ శత్రువేమీ కాదు. తోలు ఊడేలా గోకుతున్న కుక్కకి కొద్ది రోజులు తక్కువ మోతాదు ప్రెడ్నిసొలోన్ ఇవ్వడం అవసరమే. చిక్కంతా నెలనెలా వేసే లాంగ్ యాక్టింగ్ ఇంజెక్షన్‌తో. కారణం ఏదైనా దురద కొంత తగ్గుతుంది కాబట్టి అసలు జబ్బు మరుగున పడుతుంది. డెమోడెక్స్ ఉన్న కుక్కకి స్టెరాయిడ్ పడితే మైట్స్ విపరీతంగా పెరుగుతాయి. నీళ్లు ఎక్కువ తాగడం, ఇంట్లోనే ఉచ్చ పోయడం, పొట్ట జారడం, చర్మం పల్చబడటం మొదలైతే ఇప్పటికే ఎక్కువైందని అర్థం. దురద కోసం ఇప్పుడు ఒక్లాసిటినిబ్ లాంటి మాత్రలు కూడా ఉన్నాయి. అవీ దురదని ఆపుతాయే తప్ప కారణాన్ని తీసేయవు.

అపోహ: "చికెన్ మానేశాం, అయినా తగ్గలేదు. అంటే ఫుడ్ అలర్జీ కాదు"

ఎన్నాళ్లు మానేశారని అడిగితే పది రోజులంటారు. అది చాలదు. 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, ఫుడ్ అలర్జీ ఉన్న కుక్కల్లో 80 శాతానికి పైగా 5 వారాల్లో, 90 శాతానికి పైగా 8 వారాల్లో తేరుకుంటాయి. కాబట్టి 8 వారాలు పట్టుగా ఉండాలి.

చికెన్ ఒక్కటే కాదు, పాలు, పెరుగు, గోధుమ, బీఫ్ కూడా తరచూ కనిపించే కారణాలే. మన ఇళ్లలో పెరుగన్నం, పొద్దున్నే పాలలో బిస్కెట్ లేకుండా కుక్క పెరగదు. చికెన్ బదులు కౌజు పిట్ట పెడితే సరిపోదు, రెండూ పక్షులే, ఒకటి పడకపోతే రెండోదీ పడకపోవచ్చు. ఇంతవరకూ రుచి చూడని మాంసం ఒకటి, దానికి తోడు చిలగడదుంప లాంటిది ఒకటి, అంతే. శాకాహారుల ఇళ్లలో హైడ్రోలైజ్డ్ ఫుడ్, అంటే ప్రోటీన్లని అలర్జీ రేపలేనంత చిన్న ముక్కలు చేసిన రెడీమేడ్ తిండి, సులువు.

ఈ పరీక్ష ఎక్కడ దెబ్బతింటుందో చెబుతాను. నాన్న ఆఫీసు నుంచి వచ్చి ఇచ్చే బిస్కెట్, పాప కింద పడేసిన చపాతీ ముక్క, చికెన్ రుచి కలిపిన నట్టల మాత్ర, నానమ్మ ప్రేమగా పెట్టే పెరుగన్నం ముద్ద. ఒక్క ముద్దే కదా అనిపిస్తుంది, కానీ దానితో 8 వారాల కష్టం వృథా. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, పనమ్మాయికి కూడా చెప్పి మొదలుపెట్టండి. తగ్గాక పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. రెండు వారాల్లోపు దురద తిరిగొస్తే అప్పుడు రుజువైనట్టు. చాలామంది ఈ మెట్టు దగ్గర భయపడి ఆగిపోతారు. ఆగితే తగ్గింది తిండి వల్లా, సీజన్ మారడం వల్లా అన్నది ఎప్పటికీ తేలదు.

అపోహ: "రక్త పరీక్ష చేయిస్తే అలర్జీ ఏదో తేలిపోతుంది"

ఫుడ్ అలర్జీకి రక్తం, లాలాజలం, వెంట్రుకల పరీక్షలు నమ్మదగినవి కావు. ఆ డబ్బు ఎనిమిది వారాల తిండికి పెట్టండి. అటోపీని కూడా పరీక్షతో కాదు, మిగతావన్నీ కొట్టేసి, లక్షణాలు చూసి నిర్ధారిస్తాం. సాధారణంగా ఆరు నెలలకీ మూడేళ్లకీ మధ్య మొదలవుతుంది. పాదాలు నాకడం, మొహం నేలకి రాయడం, చెవులు, చంకలు, పొట్ట ఎర్రబడటం దాని గుర్తులు. లాబ్రడార్, పగ్, షిట్జూల్లో ఎక్కువగా చూస్తాం. అలర్జీ టెస్టు ఉపయోగపడేది ఆ తర్వాత, ఇమ్యునోథెరపీలో, అంటే పడని వాటినే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే చికిత్సలో, వేటిని కలపాలో తేల్చుకోవడానికి. అటోపీ జీవితాంతం ఉంటుంది, కానీ అదుపులో పెట్టుకుంటే కుక్క హాయిగా బతుకుతుంది.

చివరిగా ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు. పశువులకి వేసే ఇంజెక్షన్ తెచ్చి ఇంట్లోనే కుక్కకి వేయడం ఇప్పటికీ జరుగుతోంది. కోలీ జాతి కుక్కల్లో ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుందని 2001లో బయటపడింది. అలాంటి కుక్కకి ఆ మోతాదు పడితే చొల్లు కారుతుంది, తూలుతుంది, చూపు పోతుంది, కోమాలోకి వెళ్లిపోతుంది. ఈ లోపం మిక్స్‌డ్ బ్రీడ్‌లలో కూడా ఉండొచ్చు. ఇప్పుడు ఫ్లూరలానర్, అఫాక్సొలానర్ లాంటి మాత్రలు ఫ్లీస్, పిడుదులు, గజ్జి మైట్స్ మీద బాగా పనిచేస్తున్నాయి. గతంలో ఫిట్స్ వచ్చిన కుక్క అయితే వాటికి ముందే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు రెండు మూడు రోజులు స్నానం చేయించకండి, టేపు పరీక్షకి దొరకాల్సింది కడుక్కుపోతుంది. దురద ఏ వయసులో మొదలైంది, ఏ నెలల్లో ఎక్కువ, ముందు దురద వచ్చిందా ముందు మచ్చలు వచ్చాయా రాసుకోండి. పాత చీటీలన్నీ పట్టుకెళ్లండి, మరీ ముఖ్యంగా ఏ ఇంజెక్షన్ ఏ తేదీన వేశారో ఉన్నవి. మీ ఊళ్లో ఈ పరీక్షలు చేసేవాళ్లు లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో చూపించుకోవచ్చు.