సిక్స్ కొడితే ఔట్: ఒక ఊరి పచ్చిక చుట్టూ మూడొందల ఏళ్ల కథ

2024 జూలైలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక వార్త మన ఫోన్లలోనూ తిరిగింది. బ్రైటన్ పక్కన ఊరి పచ్చిక మీద ఆడుకునే సౌత్‌విక్ అండ్ షోరమ్ క్రికెట్ క్లబ్ సిక్సర్లు మానెయ్యమంది. మొదటి సిక్స్‌కి పరుగులుండవు, రెండోది కొడితే ఔట్. బంతులొచ్చి కిటికీలకీ కార్లకీ తగులుతున్నాయని చుట్టుపక్కల ఇళ్లవాళ్లు మొత్తుకున్నారు మరి. మనవాళ్లు నవ్వుకున్నారంటే నవ్వుకోరూ! గోడ దాటితే ఔట్, కొట్టినవాడే వెళ్లి బంతి తెచ్చుకోవాలి అనే రూలు తెలియని సందు మన దగ్గర ఏదైనా ఉందా? కాకపోతే మన సందులో ఆ రూలు పెట్టేది పదేళ్ల పిల్లలు. అక్కడ పెట్టింది 1790లో పుట్టిన క్లబ్బు.

తప్పెవరిదని తేల్చేముందు, ఆ పచ్చికకి గోడ ఎందుకు లేదో తెలియాలి. దక్షిణ ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో హాంబుల్డన్ అనే పల్లె ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఆటకి పెద్దదిక్కు అదే. బ్రాడ్‌హాఫ్‌పెన్నీ డౌన్ అనే మెట్ట మీద, బ్యాట్ అండ్ బాల్ అనే సారాయంగడి ఎదురుగా ఆడేవాళ్లు. ఆ అంగడి నడిపిందీ, జట్టుని నడిపిందీ రిచర్డ్ నైరెన్ ఒక్కడే. 1777లో ఈ పల్లె క్లబ్బు ఇంగ్లండ్ మొత్తం నుంచి ఏరి తెచ్చిన జట్టుని ఇన్నింగ్స్ 168 పరుగుల తేడాతో ఓడించింది. జేమ్స్ ఐల్వర్డ్ ఒక్కడే 167 కొట్టాడు. పెద్ద పెద్ద జమీందార్లు పందేలు కాసేవాళ్లు, ఊరు ఊరంతా గట్టు మీద కూర్చుని చూసేది. తర్వాత పెత్తనం లండన్‌కి పోయింది. 1787లో థామస్ లార్డ్ తన మైదానం చుట్టూ కంచె కట్టి, లోపలికి రావడానికి డబ్బు వసూలు చేశాడు. ఊళ్లలో కంచె పడలేదు. పడటానికి అది ఒకరి సొత్తు కాదు, ఊరుమ్మడి పచ్చిక.

అక్కడ ఆట చూడటంలోని సుఖమంతా ఆ కంచె లేకపోవడంలోనే ఉంది. టికెట్టు లేదు, సీటు నంబరు లేదు. కుక్కని వెంటేసుకుని బౌండరీ చుట్టూ నడుస్తారు. బౌలర్ వెనకవైపు వచ్చేసరికి మాత్రం ఆగిపోతారు, ఓవర్ అయ్యాకే కదులుతారు. ఆ మర్యాద ఎవరూ చెప్పకుండానే అబ్బుతుంది. స్కోరుబోర్డు దగ్గర ఒక పిల్లాడు రేకు అంకెలు మేకులకి తగిలిస్తుంటాడు. అంపైర్ ఫోర్ చూపిస్తే స్కోరర్ చెయ్యెత్తి అందిందని చెప్పాలి. అంతదాకా అంపైర్ అలాగే చూస్తూ ఉంటాడు. చిన్న ఊళ్లలో ఆ అంపైర్ చాలాసార్లు బ్యాటింగ్ జట్టువాడే. తనవాడికే ఎల్బీ ఇచ్చి, సాయంత్రం వాడి పక్కనే కూర్చుని బీరు తాగగలిగిన మనిషిని చూడటానికైనా అక్కడికి వెళ్లొచ్చు.

లండన్ శివార్లలో మిచమ్ మరీ విడ్డూరం. పెవిలియన్ రోడ్డుకి ఒకపక్క, మైదానం రెండోపక్క. ప్యాడ్లు కట్టుకున్న బ్యాట్స్‌మన్ అటూ ఇటూ చూసి, కార్లు తప్పించుకుని దాటాలి. డకౌటైనవాడు ఆ ముఖంతోనే ట్రాఫిక్ ఆగేదాకా నిలబడాలి.

ఇన్నింగ్స్‌కీ ఇన్నింగ్స్‌కీ మధ్య టీ. టీ అంటే కప్పు ఒక్కటే కాదు. దోసకాయ శాండ్‌విచ్‌లు, గుడ్డు శాండ్‌విచ్‌లు, స్కోన్లనే చిన్న రొట్టెలు, ఎవరో ఇంట్లో చేసి తెచ్చిన కేకు. ప్రత్యర్థి జట్టుకి కూడా ఆతిథ్యమిచ్చే క్లబ్బువాళ్లే వడ్డిస్తారు. తరతరాలుగా ఆ చాకిరీ ఆటగాళ్ల భార్యల, తల్లుల మీదే పడిందన్న మాట కూడా చెప్పుకోవాలి. 2020లో కోవిడ్ తర్వాత క్లబ్ క్రికెట్‌కి తలుపులు తెరుస్తూ ప్రధాని బోరిస్ జాన్సన్, ఇబ్బంది బంతితో కన్నా ఈ టీలతోనూ బట్టలు మార్చుకునే గదులతోనూ అన్నాడు. అప్పుడు ఆగిన టీలు కొన్నిచోట్ల మళ్లీ మొదలవనే లేదు.

ఇంగ్లండ్ ఉత్తరాది తీరు వేరు. 1892లో మొదలైన లాంకషైర్ లీగ్ నూలుమిల్లుల పట్నాలది. మిల్లు శనివారం మధ్యాహ్నం మూతపడితే జనం డబ్బిచ్చి ఆట చూసేవాళ్లు. ఒక్కో క్లబ్బుకీ జీతమిచ్చి తెచ్చుకున్న ఒక ప్రొఫెషనల్. వెస్టిండీస్‌వాడు లియరీ కాన్‌స్టంటైన్ 1929 నుంచి తొమ్మిది సీజన్లు నెల్సన్ క్లబ్బుకి ఆడితే ఆ క్లబ్ ఏడుసార్లు లీగ్ గెలిచింది. ఎవరైనా యాభై కొడితే జనంలో డబ్బా తిప్పి చిల్లర పోగుచేసి ఇచ్చేవాళ్లు. 1952లో అలా జీతమిచ్చి పెట్టుకున్న హాస్లింగ్డెన్ క్లబ్ వదిలిపెడితేనే వినూ మన్కడ్ లార్డ్స్ టెస్టులో మన జట్టు తరఫున దిగగలిగాడు. దిగి 72, 184 కొట్టాడు. దక్షిణాది క్లబ్బులకి ఈ లీగులంటే పడేది కాదు. పాయింట్ల కోసం ఆడితే స్నేహం పోతుందని బెంగ. 1968లో సర్రే ఛాంపియన్‌షిప్ అనే క్లబ్బుల లీగ్ వచ్చేదాకా స్నేహపు మ్యాచ్‌లతోనే సరిపెట్టుకున్నారు.

ఇక తగువు. మాంచెస్టర్‌లోని చీతమ్ హిల్ మైదానం నుంచి 1947లో ఒక సిక్స్ కంచె దాటి రోడ్డు మీద ఉన్న ఒకావిడకి తగిలింది. కేసు ప్రభువుల సభ దాకా వెళ్లింది, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం అదే. ముప్పై ఏళ్లలో అరడజను సార్లు మాత్రమే బంతి బయటికి పోయిందని లెక్క తేలి, 1951లో క్లబ్ గెలిచింది. అసలు పేచీ డర్హమ్ కౌంటీలోని లింట్జ్‌ది. డెబ్బై ఏళ్లుగా ఆడుతున్న మైదానం పక్కన, పశువులు మేసే చేలో ఇళ్లు లేచాయి. బంతులు పడుతున్నాయని ఒక జంట కోర్టుకెక్కితే హైకోర్టు ఆట ఆపమంది. 1977లో అప్పీలు విన్న లార్డ్ డెన్నింగ్ తీర్పుని ఊరి క్రికెట్ పొగడ్తతో మొదలుపెట్టి, అక్కడ మేసే పశువులకి ఆటతో ఏ ఇబ్బందీ లేదని గుర్తుచేశాడు. చదవడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ బెంచీలో మిగతా ఇద్దరూ క్లబ్‌దే తప్పన్నారు. తర్వాత వచ్చి ఇల్లు కొనుక్కున్నంత మాత్రాన ఫిర్యాదు చేసే హక్కు పోదన్నది అక్కడి పాత చట్టం. చివరికి క్లబ్ 400 పౌండ్లు కట్టింది, ఆట మాత్రం ఆగలేదు.

2018లో ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే ప్రణాళికా నిబంధనలు మారాయి. ఉన్న మైదానం పక్కన కొత్తగా ఇళ్లు కట్టేవాడే ఆ ఇళ్లకి రక్షణ చూసుకోవాలి. ఎప్పుడో కట్టేసిన ఇళ్లకి ఇది అక్కరకు రాదు. బ్యాట్లు మందమయ్యాయి, కుర్రాళ్లు టీ20 చూసి పెరిగారు, పచ్చిక మాత్రం అంతే ఉంది. ఎత్తైన వల కడదామంటే ఖర్చు, పైగా ఊరి మధ్య పచ్చికకి పంజరం బిగించినట్టుంటుంది. అందుకే సౌత్‌విక్‌లో బ్యాట్స్‌మన్ ఇప్పుడు బంతిని నేలమీదే కొట్టడం నేర్చుకోవాలి. హాంబుల్డన్ బౌలర్లకి ఈ సంగతి చెబితే ఎంత సంతోషించేవాళ్లో!