కార్బాలిక్ కట్టు

విరిగిన ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొస్తే, 1865 నాటి సర్జన్లు చాలాసార్లు ఆ కాలే తీసేసేవారు. చర్మం తెగకపోతే అదే ఎముక చక్కగా అతుక్కునేది. తెగితే చీము, జ్వరం, చావు. ఈ తేడా ఎందుకన్నదే గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో సర్జన్‌గా ఉన్న జోసెఫ్ లిస్టర్‌ను పట్టుకున్న ప్రశ్న.

గాలి సోకితే పుండు కుళ్లుతుందని అప్పటి నమ్మకం. కుళ్లబెట్టేది గాలి కాదు, అందులోని సూక్ష్మజీవులని పాశ్చర్ తేల్చిన సంగతి లిస్టర్‌కు కెమిస్ట్రీ ప్రొఫెసర్ థామస్ ఆండర్సన్ చెప్పాడు. వాటిని పోగొట్టడానికి పాశ్చర్ చూపిన దారులు మూడు: వేడి, వడపోత, రసాయనం. మనిషి గాయాన్ని ఉడకబెట్టలేం, వడకట్టలేం. కార్లైల్ పట్టణపు మురుగుకు కార్బాలిక్ ఆమ్లం, అంటే ఫినాల్, కలిపితే కంపు పోయిందని లిస్టర్ విని ఉన్నాడు. దాన్నే ఎంచుకున్నాడు.

1865 ఆగస్టు 12న బండి చక్రం కాలి మీదుగా వెళ్లిన పదకొండేళ్ల జేమ్స్ గ్రీన్‌లీస్‌ను తెచ్చారు. కార్బాలిక్‌లో తడిపిన గుడ్డ గాయం మీద పరిచి, కాలికి బద్దలు కట్టారు. నాలుగు రోజులకు విప్పితే చీము వాసన లేదు. అంచుల్లో చర్మం మాత్రం ఎర్రబడింది, అది మందు చేసిన పుండే. అందుకని తర్వాతి కట్లకు ఆమ్లాన్ని నీళ్లలోనూ, ఆలివ్ నూనెలోనూ పలచన చేశాడు. ఆరు వారాలకు ఎముక అతికింది.

కాల్చకుండా క్రిమిని చంపడమే అసలు చిక్కు. లిస్టర్ దీనికి ఒక పుట్టీ చేశాడు: ఒక వంతు కార్బాలిక్, నాలుగు వంతుల మరిగించిన అవిసె నూనె, ముద్ద కట్టేంత సుద్దపొడి. దాన్ని పావు అంగుళం మందాన గాయం చుట్టూ దాటేలా పరిచేవాడు. నూనె ఆమ్లాన్ని పట్టి ఉంచి కొంచెం కొంచెంగా వదులుతుంది. నీళ్లలో కలిపినదైతే ఒక్కసారిగా పనిచేసి అయిపోతుంది.

ఆయన లెక్కల్లో 1864, 1866ల్లో 35 అవయవాల తొలగింపుల్లో 16 మంది చనిపోయారు. 1867-69లో 40కి ఆరుగురు. అంకెలు చిన్నవే, పోలికా పక్కా కాదు, కానీ తేడా కొట్టొచ్చినట్టుంది. పైగా ఆయన వార్డు గోడ అవతల 1849 కలరాలో పోయినవాళ్ల శవపేటికలు నేలకు కొద్ది అంగుళాల లోతులోనే ఉన్నాయని లిస్టరే రాశాడు.

అన్నీ కలిసిరాలేదు. 1871లో మొదలుపెట్టిన కార్బాలిక్ స్ప్రే గదినంతా తడిపేది. సర్జన్ల చేతులు తెల్లబడి తిమ్మిరెక్కేవి. ఒంట్లోకి ఎక్కువ ఇంకితే మూత్రం నల్లగా వచ్చేది. గాలికన్నా చేతులు, పనిముట్లే ఎక్కువ ప్రమాదమని తేలాక 1890 నాటికి లిస్టరే దాన్ని వదిలేశాడు. ఆవిరితో పనిముట్లను ముందే శుభ్రపరచే పద్ధతి తర్వాత ఆ చోటు తీసుకుంది.

స్మరణ సంగతికొస్తే, 1924లో గ్లాస్గో కెల్విన్‌గ్రోవ్ పార్కులో లిస్టర్ విగ్రహం పెట్టారు, లండన్ పోర్ట్‌లాండ్ ప్లేస్‌లో స్మారకం నిలిపారు. ఆయన పనిచేసిన వార్డును మాత్రం, ఎంతమంది వద్దన్నా, అదే ఏడాది కూల్చేశారు. ఆ వార్డు కంటే కంచు విగ్రహానికి ఎక్కువ విలువ ఇచ్చారంటే, నా లెక్కన అది తప్పు బేరమే. ఆయన స్ప్రే యంత్రాలు మ్యూజియంల్లో మిగిలాయి. ఇంగ్లండ్‌లోని స్టీవనేజ్‌లో ఓ ఆసుపత్రికి ఆయన పేరే ఉంది.