నడివీధి నుంచి పోలీసు గేటు లోపలికి

మేడే అనగానే మనకు షికాగో గుర్తొస్తుంది, ఉరికంబమెక్కిన కార్మిక నాయకులు గుర్తొస్తారు. ఆ కథలోనే ప్రాణాలు పోగొట్టుకున్న పోలీసులకు కూడా ఆ నగరంలో ఓ విగ్రహం ఉంది. తొమ్మిదడుగుల కంచు పోలీసు. పొడుగు కోటు, గుబురు మీసం, "ఇక ఆపండి" అన్నట్టు పైకెత్తిన చెయ్యి. ఇప్పుడది సౌత్ మిచిగన్ అవెన్యూలోని పోలీసు ప్రధాన కార్యాలయం దగ్గర ఉంది. ఆ పోలీసులపై బాంబు పడ్డ హేమార్కెట్ కూడలి అక్కడికి మైళ్ల దూరం.

ఎనిమిది గంటల పనిదినం కోసం 1886 మే 1న సమ్మె మొదలైంది. 3న మెకార్మిక్ ఫ్యాక్టరీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, కార్మికులు చనిపోయారు. దానికి నిరసనగా మర్నాడు రాత్రి హేమార్కెట్‌లో సభ పెట్టారు. మేయర్ కార్టర్ హారిసన్ స్వయంగా వచ్చి కాసేపు విని, గొడవేమీ లేదని వెళ్లిపోయాడు. వాన వచ్చేలా ఉండటంతో జనం కూడా పల్చబడ్డారు. సభ దానంతటదే ముగిసే వేళకు పోలీసు దండు కవాతు చేస్తూ వచ్చింది. చెదిరిపొమ్మని ఆజ్ఞ, ఆ వెంటనే బాంబు, ఆపైన చీకట్లో కాల్పులు. మథాయస్ డీగన్ అనే పోలీసు బాంబు దెబ్బకు అక్కడే కూలిపోయాడు. మొత్తం ఏడుగురు పోలీసులు చనిపోయారు. వారిలో కొందరికి తగిలినవి తోటి పోలీసుల తూటాలేనని చరిత్రకారులు అంటారు. అటువైపు పోయిన ప్రాణాల లెక్క సరిగ్గా తేలనే లేదు. బాంబు ఎవరు విసిరారో ఈనాటికీ తెలియదు. అయినా ఎనిమిది మందిపై నేరం మోపి, 1887 నవంబర్ 11న నలుగురిని ఉరితీశారు.

విగ్రహం ఆ వేడిలో పుట్టింది. నగర వ్యాపార ప్రముఖుల యూనియన్ లీగ్ క్లబ్ చందాలు పోగుచేసింది. యొహానెస్ గెలెర్ట్ అనే శిల్పి మలిచాడు. 1889 మే 30న హేమార్కెట్ నడిమధ్యన డీగన్ కొడుకు ఆవిష్కరించాడు. దిమ్మె మీది మాట చూడండి: "ఇల్లినాయ్ ప్రజల పేరిట, శాంతిని ఆదేశిస్తున్నాను." ఆ రాత్రి పోలీసు కెప్టెన్ వార్డ్ ఇచ్చిన ఆజ్ఞలో సారం "సభ చాలించి శాంతంగా వెళ్లిపోండి" అని. రాతి మీదికి వచ్చేసరికి సభ మాయమై శాంతి ఒక్కటే మిగిలింది. ఈ విగ్రహానికి పట్టిన గ్రహచారమంతా ఆ సవరణలోనే ఉందనిపిస్తుంది నాకు.

నాలుగేళ్లకు, 1893 జూన్ 25న, ఉరితీసినవారి సమాధుల దగ్గర వాల్డ్‌హైమ్ శ్మశానంలో మరో స్మారకం లేచింది. ఆ మర్నాడే గవర్నర్ ఆల్ట్‌గెల్డ్, జైల్లో మిగిలిన ముగ్గురికీ క్షమాభిక్ష పెట్టాడు. విచారణే న్యాయంగా జరగలేదన్నాడు. ఒకే ఘటనకు రెండు స్మారకాలు, రెండు కథలు.

పోలీసు విగ్రహానికి అచ్చిరాని తేదీ మే 4. 1927లో సరిగ్గా ఆ రోజే ఒక ట్రామ్ పట్టాలు తప్పి దాన్ని గుద్దేసింది. చెయ్యెత్తి నిలబడ్డ ఆ పోలీసును రోజూ చూసి విసుగెత్తిందని డ్రైవర్ అన్నట్టు చెబుతారు. నిజమో కాదో గానీ ఊరు మరిచిపోని మాట అది. విగ్రహాన్ని యూనియన్ పార్కుకు తరలించారు. 1950లలో కెనెడీ ఎక్స్‌ప్రెస్‌వే కట్టేటప్పుడు మళ్లీ పాత చోటికి దగ్గరగా తెచ్చి నిలబెట్టారు. 1968 మే 4న, వియత్నాం యుద్ధ నిరసనల రోజుల్లో, ఎవరో నల్లరంగు పూశారు. 1969 అక్టోబర్ 6న వెదర్‌మన్ అనే అతివాద వామపక్ష దళం దాని కాళ్ల మధ్య బాంబు పెట్టి పేల్చింది. చుట్టుపక్కల వంద దాకా కిటికీ అద్దాలు పగిలాయి, కంచు ముక్కలు కింద రోడ్డు మీద పడ్డాయి. బాగుచేయించి 1970 మే 4న తిరిగి ప్రతిష్ఠిస్తే, అదే అక్టోబర్‌లో మళ్లీ పేల్చారు.

మేయర్ రిచర్డ్ డేలీ పట్టు వదల్లేదు. మళ్లీ నిలబెట్టి ఇరవై నాలుగ్గంటల కాపలా పెట్టించాడు. కంచు పోలీసుకు మామూలు పోలీసులు పహరా! అది ఎంతకాలం సాగుతుంది? 1972లో అప్పటి పోలీసు ప్రధాన కార్యాలయం లాబీలోకి, 1976లో పోలీసు శిక్షణ అకాడమీ ఆవరణలోకి చేర్చారు. అక్కడ సామాన్యులు చూడాలంటే అనుమతి కావాల్సి వచ్చేది. బయట ఖాళీ దిమ్మె మాత్రం, గోడరాతలు పులుముకుని, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. 2007లో కొత్త దిమ్మె కట్టి ఇప్పుడున్న చోట నిలిపారు. ఆవిష్కరించింది డీగన్ మునిమనవరాలు.

ఆనాడు వక్తలు బండి ఎక్కి మాట్లాడిన డెస్‌ప్లేన్స్ వీధిలో 2004 నుంచి మేరీ బ్రోగర్ శిల్పం ఉంది. ఒక బండి, దాని మీద మాట్లాడుతున్న మనుషులు. ఎవరికీ ముఖాలు లేవు.