టీఎస్‌హెచ్ ఎక్కువుంటే థైరాయిడ్ తక్కువున్నట్టా?

మా అక్క బ్లడ్ రిపోర్ట్ ఫోటో తీసి పంపి "టీఎస్‌హెచ్ 18 ఉందిరా, పక్కనే హై అని కూడా రాశారు, డాక్టర్ గారేమో నీకు థైరాయిడ్ తక్కువ అంటున్నారు, ఏది నమ్మాలి" అని అడిగింది. రెండూ నిజమే అంటే తిట్టింది. కానీ ఈ ఒక్క ముడి విప్పితే హార్మోన్ల సంగతి సగం తెలిసిపోయినట్టే.

అసలు టీఎస్‌హెచ్‌ని (థైరాయిడ్ స్టిమ్యులేటింగ్ హార్మోన్, అంటే థైరాయిడ్‌ని పని చేయించే హార్మోన్) తయారుచేసేది థైరాయిడ్ కాదు, తికమకంతా అక్కడే. అది పిట్యూటరీ నుంచి వస్తుంది, స్కూల్లో పీయూష గ్రంథి అని చదువుకున్నామే, మెదడు అడుగున బఠాణీ గింజంత ఉంటుంది, అది. మెడలో ఉన్న థైరాయిడ్‌ని "హార్మోన్ చెయ్యి" అని అదిలించడం టీఎస్‌హెచ్ పని. థైరాయిడ్ చేసిన టీ4, టీ3 అనే హార్మోన్లు రక్తంలో ఒళ్ళంతా తిరుగుతూ పిట్యూటరీ దగ్గరికీ వస్తాయి కదా, సరిపడా ఉన్నాయనిపిస్తే అది గొంతు తగ్గిస్తుంది, లేవనిపిస్తే ఇంకాస్త గట్టిగా అరుస్తుంది. అంటే 18 అనేది థైరాయిడ్ చేసిన పని లెక్క కాదు, పలకని థైరాయిడ్ మీద పడుతున్న అరుపుల లెక్క. (పిట్యూటరీయే చెడిపోతే ఈ లెక్క చెల్లదు, కాకపోతే అది అరుదు.) తిండిలో అయోడిన్ లేకపోయినా ఇదే కథ, ఒక్కో టీ4 అణువుకి 4 అయోడిన్ పరమాణువులు కావాలి, అవి లేనిదే సరుకు తయారవదు, పైనుంచి అరుపులు ఆగవు, ఆ ఒత్తిడికి థైరాయిడ్ పెరిగి పెరిగి గొంతు ముందు వాపులా కనపడుతుంది, గాయిటర్ అంటారు.

ఇలా రక్తంలో కబురు పంపుకునే పద్ధతి ఉందని 1902 దాకా గట్టిగా తెలీదు, అన్నీ నరాలే చెప్తాయనుకునేవాళ్ళు. లండన్లో బేలిస్, స్టార్లింగ్ అని ఇద్దరు (బావా బావమరుదులు కూడా) ఒక కుక్క పేగు ముక్కకి వెళ్ళే నరాలన్నీ తెంపేసి అందులో యాసిడ్ పోశారు. నరం లేదు కాబట్టి క్లోమానికి కబురు అందకూడదు, అయినా క్లోమం నుంచి రసం కారింది! పేగు లోపలి పొర గీకి, యాసిడ్‌తో నూరి, వడకట్టి రక్తంలోకి ఎక్కించినా అంతే, మళ్ళీ కారింది. పేగు పొరలో ఉన్న ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు, హార్మోన్ అనే మాటని స్టార్లింగ్ 1905లో వాడాడు, గ్రీకులో ఉసిగొల్పడం అనే అర్థం ఉన్న మాట నుంచి తీసుకుని.

రక్తం అన్నిచోట్లకీ పోతుంది మరి అందరూ ఎందుకు స్పందించరు అంటే, ఆ హార్మోన్‌కి రిసెప్టర్ (దాని కబురు అందుకునే చెవి లాంటిది) ఉన్న కణానికే అది వినపడుతుంది. విన్నాక ఏం చెయ్యాలన్నది కూడా ఆ కణం ఇష్టమే, అదే అడ్రినలిన్ గుండెని పరిగెత్తిస్తుంది, ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాల్ని వెడల్పు చేస్తుంది, పేగుల్ని మాత్రం నెమ్మదింపజేస్తుంది. అందుకే ఎవరైనా "హార్మోనల్ ఇంబాలెన్స్" అని ఊరికే అనేస్తే నాకు చిరాకు, ఏ హార్మోన్, ఎక్కువా తక్కువా అన్నది చెప్పకపోతే ఏమీ చెప్పనట్టే.

టైమింగ్ కూడా దేనిది దానిదే. రక్తంలోకి వచ్చిన అడ్రినలిన్ రెండు మూడు నిమిషాల్లో సగమైపోతుంది, టీ4 సగమవడానికి దాదాపు వారం. మా అక్క థైరాయిడ్ టాబ్లెట్ మొదలెట్టిన పదో రోజుకే మళ్ళీ టెస్ట్ చేయించుకుంటానంది, ఆరు వారాలు ఆగమన్నది ఇందుకే, కొత్త డోసుకి టీ4 ఒక స్థాయిలో నిలబడాలి, అది చూసి పిట్యూటరీ గొంతు తగ్గించుకోవాలి, అప్పటిదాకా వచ్చే నంబర్ సగం దారిలో ఉన్న నంబరే.

సరిపడా ఉంటే గొంతు తగ్గించే పద్ధతి అన్నిటికీ కాదు, కాన్పు టైమ్‌లో ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌ది మాత్రం రివర్స్, నొప్పులు వచ్చేకొద్దీ అది పెరుగుతుంది, అది పెరిగేకొద్దీ నొప్పులు పెరుగుతాయి, బిడ్డ బయటికొస్తే గానీ ఆగదు.

ఈ అరుపుల లెక్క నిజంగా ప్రాణం మీదకి వచ్చేది స్టెరాయిడ్ టాబ్లెట్లతో. కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ చేస్తాయి, వాటిని అదిలించేది కూడా పిట్యూటరీయే, ఏసీటీహెచ్ అనే హార్మోన్‌తో. వారాల తరబడి స్టెరాయిడ్ మింగితే పిట్యూటరీకి అది కార్టిసాల్ లాగే కనపడుతుంది, బోలెడుంది కదా అని అరవడం మానేస్తుంది, అడిగేవాడు లేక అడ్రినల్స్ కుంచించుకుపోతాయి. అలాంటప్పుడు "ఒంట్లో బాగుంది కదా" అని ఒక్కరోజులో టాబ్లెట్ ఆపేస్తే బయటి సరుకూ లేదు, లోపలి సరుకూ లేదు, బీపీ పడిపోయి మనిషి కూలబడొచ్చు. డాక్టర్లు డోసు కొంచెం కొంచెంగా తగ్గించేది ఆ అడ్రినల్స్‌ని నిద్ర లేపడానికే, కొందరిలో అవి లేచి మళ్ళీ పని అందుకునేసరికి నెలలు పడుతుంది.