ఫ్లోరైడ్ నీళ్లు: అపోహలు - వాస్తవాలు

తాగునీటి పరీక్షలు చేసే ల్యాబ్‌లో పని చేస్తాను. బోరు నీళ్ల శాంపిల్ పట్టుకొచ్చేవాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: నీళ్లు తేటగా, తియ్యగా ఉన్నాయి. పప్పు కూడా మెత్తగా ఉడుకుతోంది. మంచి నీళ్లే.

ఫ్లోరైడ్‌కు రంగు, వాసన ఉండవు, రుచిలోనూ తెలియదు. ఇక పప్పును నమ్ముకుంటే మరీ మోసపోతాం. పప్పును ఉడకనివ్వనివి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి గట్టిపడి నీళ్ల నుంచి విడిపోతుంది. కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లలోకి రాళ్ల నుంచి ఫ్లోరైడ్ సులువుగా దిగుతుంది. అందుకే పప్పు చక్కగా ఉడికే బోరులోనే అది ఎక్కువ ఉండొచ్చు. మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు.

అపోహ: మరగబెడితే అన్నీ పోతాయి.

క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేట్ ఎక్కడికీ పోవు. నీళ్లు ఆవిరైనకొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడతాయి. పెంటకుప్ప, మరుగుదొడ్డి గుంత దగ్గర్లో ఉన్న బావికి నైట్రేట్ పరీక్ష తప్పనిసరి. పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. ఆ నీళ్లతో పాలపొడి కలిపి పసిబిడ్డకు పడితే రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది.

అపోహ: టీడీఎస్ మీటరు 300 చూపించింది, టెన్షన్ లేదు.

నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి, కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో ఆ మీటరు అంచనా కడుతుంది. ఆ 300లో ఫ్లోరైడ్ 3 ఉందో, అసలు లేదో చెప్పలేదు.

అపోహ: ఇదంతా ఫ్యాక్టరీల వల్లే.

నల్లగొండ ఫ్లోరైడ్ అక్కడి గ్రానైట్ రాళ్లలోదే. ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్‌ను అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు 1937లోనే నమోదు చేశారు. ఫ్యాక్టరీల కాలుష్యం వేరే ఉంది, అదీ చిన్నది కాదు. మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసే పటాన్‌చెరు ప్లాంటు నుంచి బయటికొచ్చిన నీళ్లలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో శాస్త్రవేత్తలు ప్రచురించారు.

అపోహ: పిల్లలు సరిగ్గా తోమక పళ్లకు గార పట్టింది.

ఇది వింటే బాధేస్తుంది. ఫ్లోరైడ్ మచ్చ పన్ను చిగురులో తయారవుతున్నప్పుడే పడుతుంది, తోమితే పోదు. దయచేసి పిల్లల్ని తిట్టకండి, నీళ్లు మార్చండి.

అపోహ: బిందెలో పటిక తిప్పితే చాలు.

బురద పేరుకుంటుంది, అంతే. జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' రూపొందించిన 'నల్లగొండ పద్ధతి'లోనూ పటికే వాడతారు, కానీ సున్నంతో కలిపి, ఫ్లోరైడ్‌ను, క్షారతను కొలిచి లెక్క ప్రకారం వేస్తారు. ఇంట్లో ఉజ్జాయింపుగా వేస్తే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. క్యాండిల్ ఫిల్టర్, యూవీ దీపం ఫ్లోరైడ్‌ను ఆపలేవు. ఆర్వో, యాక్టివేటెడ్ అల్యూమినా (ఫ్లోరైడ్‌ను పట్టుకునే గుళికలు) ఉన్న ఫిల్టర్ తగ్గిస్తాయి.

శాంపిల్ ఇచ్చేటప్పుడు "ఫ్లోరైడ్, నైట్రేట్ చూడండి" అని పేరు పెట్టి అడగండి. వీటికి శుభ్రమైన ప్లాస్టిక్ సీసా చాలు, క్రిముల పరీక్షకు ల్యాబ్ ఇచ్చే స్టెరైల్ సీసా వేరే. బోరు ఇంకా లోతుకు దింపిస్తే మళ్లీ పరీక్ష చేయించండి.