చిమ్మిలి పెట్టిన రోజుకి ముందూ వెనకా

చాప మీద కూర్చోబెట్టి అమ్మాయి చేతిలో చిమ్మిలి పెడతారు. నువ్వులు, బెల్లం కలిపి దంచిన ఉండ. పట్టుకుంటే నూనె వేళ్లకు అంటుతుంది. "పెద్దమనిషైంది" అని చుట్టాలకు ఫోన్లు వెళ్తాయి. నిజానికి ఆ పిల్ల ఒంట్లో ఈ పని రెండేళ్ల ముందే మొదలైంది. ఒక దారికి రావడానికి ఇంకో రెండు మూడేళ్లు పడుతుంది.

మొదలయ్యేది మెదడులో. హైపోథాలమస్ అనే చిన్న భాగం రాత్రి నిద్రలో విడతలు విడతలుగా ఒక హార్మోన్ వదలడం మొదలుపెడుతుంది. దాంతో పిట్యూటరీ గ్రంథి మేలుకుని అండాశయాలను లేపుతుంది, అవి ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌ను తయారుచేస్తాయి. సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య రొమ్ము దగ్గర చిన్న గట్టిదనం కనిపిస్తుంది. ఒక్కోసారి ముందు ఒకవైపే వస్తుంది, గడ్డేమోనని తల్లులు హడలిపోతారు. తర్వాత పిల్ల గబగబా పొడుగవుతుంది. ఆ వేగం తగ్గుముఖం పట్టాకే మొదటి నెలసరి వస్తుంది.

ఇక అసలు టెన్షన్ అక్కడి నుంచే. ఒకసారి వచ్చి నెలన్నర దాకా రాదు, తర్వాత మూడు వారాలకే వస్తుంది. ఎందుకంటే నెలసరి క్రమంగా రావాలంటే అండం విడుదల కావాలి. ఈస్ట్రోజెన్ బాగా పెరిగినప్పుడు పిట్యూటరీ ఒక్కసారిగా ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను వదిలితేనే అండం బయటికొస్తుంది. కొత్తలో మెదడుకి ఆ లెక్క ఇంకా కుదరదు. అండం రాకపోతే, పొరను నిలిపి ఉంచే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఉండదు. గర్భాశయం లోపలి పొర మాత్రం ఈస్ట్రోజెన్‌తో పెరుగుతూనే ఉండి, నిలవలేక ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. అందుకే మొదటి ఏళ్లలో ఒక నెలసరికీ ఇంకోదానికీ మధ్య 21 నుంచి 45 రోజుల ఎడం ఉండటం మామూలే.

"మొదట్లో నొప్పి లేదు, ఇప్పుడెందుకొచ్చింది?" అని చాలామంది తల్లులు అడుగుతారు. అండం సరిగ్గా విడుదలవడం మొదలయ్యాక, పొర ఊడేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఎక్కువగా తయారై గర్భాశయాన్ని గట్టిగా బిగిస్తాయి. అదే ఆ కడుపునొప్పి. పిల్ల నాటకం కాదు. వేడినీళ్ల బ్యాగ్ పెట్టండి. చాలకపోతే డాక్టర్‌ని అడిగి మాత్ర ఇవ్వండి, ఓర్చుకోమనకండి.

ఒక నెలలో పోయే రక్తం సగటున 30–40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. అందులో మైల ఏమీ లేదు. బిడ్డ కోసం సిద్ధమైన పొర, అవసరం లేక బయటికొచ్చింది, అంతే. దానికోసం పిల్లను మూల కూర్చోబెట్టి బడి మాన్పించడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

అయితే ప్యాడ్ గంటా రెండు గంటలకే తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటినా, మూడు నెలలు అసలు రాకపోయినా, 15 నిండినా మొదలుకాకపోయినా డాక్టర్‌కి చూపించాలి. 8 ఏళ్ల లోపే రొమ్ము మార్పులు కనిపించినా అంతే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఎక్కువ రక్తస్రావాన్ని "కొత్త కదా, సర్దుకుంటుంది" అని వదిలేసే పరిస్థితి కాదిది.

వంటింటి క్యాలెండర్‌లో గ్యాస్ బుక్ చేసిన తేదీ పక్కనే పిల్ల తేదీకీ ఒక చిన్న సున్నా చుట్టండి, లేదా తననే చుట్టుకోనివ్వండి. డాక్టర్ ముందుగా అడిగేది ఆ తేదీనే.